సాక్ష్యానికి దిష్టిచుక్క

పోయిన వారం చిన్న ప్లీడరును వాళ్ళింటి గేటు దగ్గర వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చెయ్యి గేటు గడియ మీద ఉంది. కళ్ళు ఎదురుగా మూతబడ్డ కొట్టు అరుగు మీద ఉన్నాయి. ఆ అరుగు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న ముసలాయన డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు ఈ ఊరి బడిలో పిల్లల చేత కసరత్తు చేయించినవాడు. చిన్న ప్లీడరు వాళ్ళ బాబాయిని మేడమెట్ల పైనుంచి తోసి చంపాడని జైలుకు వెళ్ళి, శిక్ష మొత్తం అనుభవించి, నెత్తి నెరిసి తిరిగొచ్చినవాడు. ఆయనను జైలుకు పంపింది ఒకే ఒక్క సాక్షి. ఆ సాక్షి అప్పుడు రెండో తరగతి చదివే పిల్ల. ఆ పిల్లే ఇప్పుడు గేటు గడియ పట్టుకుని నిలబడి ఉంది.

కొత్తగా వచ్చిన జడ్జిగారు ఆ పాత కేసును మళ్ళీ వింటానన్నారు. రేపు పొద్దున్నే చిన్న ప్లీడరు బోనెక్కి, చిన్నప్పుడు చెప్పినదాన్ని మళ్ళీ చెప్పాలి. ఆమె మాట నిలబడితే డ్రిల్లు మాస్టారు హంతకుడన్న పేరుతోనే పోతాడు. నిలబడకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నోరు తెరిచి అనలేదు.

డ్రిల్లు మాస్టారు తిట్టలేదు, శాపాలు పెట్టలేదు, కనీసం గేటు దాకా రాలేదు. ఆయన ఒక రాయి విసిరినా చిన్న ప్లీడరుకు కొంత నయంగా ఉండేది. రాయి విసిరేవాడి మీద కేసు పెట్టొచ్చు. ఊరికే కూర్చుని చూసేవాణ్ణి ఏ చట్టం కింద పట్టుకుంటారు? ఆమె చూస్తుండగానే ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచి గుండె దగ్గర దేనికోసమో తడిమింది. అక్కడేమీ లేదు. ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడింది. ఒకప్పుడు అక్కడ విజిలు వేలాడేదని చిన్న ప్లీడరుకు తెలుసు, ఊరందరికీ తెలుసు.

వెనక తాళంచెవుల గుత్తి గలగలలాడింది. ఆ తరవాత గొంతు వినిపించింది.

"ఏమే అమ్మడూ, ఆ ఎండలో ఎంతసేపు? నాన్నగారు పిలుస్తున్నారు. లోపలికి రా."

ఆ ఇంట్లో అమ్మ ఎక్కడుందో వెతకాల్సిన పనిలేదు. నడుముకు దోపుకున్న గుత్తి ఆవిడ కంటే ముందే గదిలోకి వచ్చేస్తుంది. బీరువా తాళం, సామాను గది తాళం, మేడ తాళం, ఎప్పుడో పారేసిన పెట్టెల తాళాలు కూడా అందులోనే ఉంటాయి. పారేద్దామంటే ఒప్పుకోదు. "పిల్లి మెడలో గంట ఎవరు కడతారని లోకమంతా తల బద్దలు కొట్టుకుంటుంది. మా ఇంట్లో ఆ పని పెళ్ళినాడే అయిపోయింది," అని పెద్ద ప్లీడరు గారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవారు. ఆవిడా నవ్వేది. చిన్నప్పుడు పిల్లలు దొంగతనంగా పంచదార తినాలంటే ముందు చెవులు రిక్కించేవాళ్ళు. గలగల దూరంగా ఉంటే చెయ్యి డబ్బాలోకి వెళ్ళేది.

చిన్న ప్లీడరు గేటు వేసి లోపలికి నడిచింది. గడియ సరిగ్గా పడిందో లేదో వెనక్కి వచ్చి మళ్ళీ చూసుకుంది.

ఈ భాగంతోనే మన కథలోకి వచ్చిన వాళ్ళకు పెద్ద ప్లీడరు గారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆ ఊళ్ళో కుళాయి తిప్పితే ఆయన పేరు, గ్రంథాలయంలో కుర్చీ లాగితే ఆయన పేరు. ఆస్పత్రిలో ప్రసూతి వార్డు మాత్రం చచ్చిపోయిన తమ్ముడి పేరు మీద కట్టించారు. గుమ్మం మీద తమ్ముడి ఫోటో ఉంటుంది. ఈ ఊళ్ళో ఏ పిల్ల పుట్టినా ముందు ఆ ఫోటో కింద నుంచే బయటికి వస్తుంది. కోర్టులో ఆయన ఓడిన కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని జనం అంటారు. గిట్టనివాళ్ళు కూడా ఆయన ఎదురుపడితే సైకిలు దిగి నడుస్తారు. కొత్త టౌనుహాలు మొన్ననే పూర్తయింది. దాంట్లో పెట్టడానికి ఆయన నిలువెత్తు పటం కూడా తయారై, గోనెపట్టా చుట్టుకుని వసారాలో గోడకు ఆనించి ఉంది.

అంతటి మనిషి గెలుపులన్నీ తయారయ్యేది ఆఫీసు గది వెనక ఉన్న చిన్న గదిలో. దాన్ని ఇంట్లో వాళ్ళు సాక్షుల గది అంటారు. కిటికీకి ఎప్పుడూ మందంగా తెర ఉంటుంది. మధ్యలో చేతుల్లేని కుర్చీ ఒకటి. చేతులున్న కుర్చీ ఇస్తే సాక్షి దాన్ని పట్టుకుని ధైర్యంగా కూర్చుంటాడట. చేతులు లేకపోతే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడతాడు. ఆ అవస్థ ఇక్కడే తీరిపోవాలి, బోనులో కనిపించకూడదు. ఇంట్లో వాళ్ళెవరూ ఆ గదిలోకి రాకూడదన్నది ఆయన నియమం. కూతురు లా చదివి, వేరే ఊళ్ళో వేరే సీనియరు దగ్గర పనిచేసి, తండ్రికి చూపు మందగించిందని ఈ మధ్యే ఇంటికి చేరినా, ఆ గుమ్మం ఆమెకూ మూసే ఉంది.

ఈ రోజే మొదటిసారి దాన్ని తెరిచారు.

"రా తల్లీ. నా తరవాత ఈ గది నీదే కదా. ఎలా పనిచేస్తుందో చూడు," అన్నారు.

కుర్చీలో సైకిలు షాపు యజమాని కూర్చుని ఉన్నాడు. పక్కింటివాడు ఎవరిదో ప్రహరీ గోడ పడగొడుతుంటే కళ్ళారా చూసినవాడు. చేతులు ఒకసారి ఒళ్ళో, ఒకసారి మోకాళ్ళ మీద పెడుతున్నాడు.

"చెప్పవయ్యా. గోడ ఎప్పుడు పడింది?"

"బుధవారమండి... కాదు కాదు, మంగళవారమండి."

"తిరగేశావు. ముందు తప్పు, తరవాత ఒప్పు. మంగళవారమని, నాలిక్కరుచుకుని, అప్పుడు బుధవారమనాలి."

సైకిలు షాపాయన నుదురు తుడుచుకున్నాడు. "అయ్యగారూ, అది పడింది బుధవారమే కదండీ. నా రెండు కళ్ళతో చూశాను. సరాసరి బుధవారమనేస్తే పోలేదా? ఉన్న నిజానికి మళ్ళీ ఈ తిప్పలెందుకండీ?"

పెద్ద ప్లీడరు గారు నవ్వారు. చాలాసార్లు చెప్పిన పాఠం చెప్పేటప్పుడు మాస్టర్లకు ఉండే సంతోషం ఆ నవ్వులో ఉంది. "నువ్వు గుక్క తిప్పుకోకుండా చెప్పావనుకో, అవతలి వకీలు చిలక పలుకులంటాడు. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు, తనే సర్దుకుంటాడు. జడ్జి చూసేది ఆ సర్దుకోవడమే. ముద్దొచ్చే పిల్లకు బుగ్గన దిష్టిచుక్క పెట్టరూ? సాక్ష్యానికీ అంతే. చిన్నది, నల్లది, ఒక్కటే ఉండాలి. కేసుకు సంబంధం లేనిచోట ఉండాలి. దాన్ని చూశాక ఇంక ఎవడి కన్నూ మిగతా మొహం మీద పడదు."

సైకిలు షాపాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మంగళవారం దగ్గర బ్రహ్మాండంగా నాలిక్కరుచుకున్నాడు. చిన్న ప్లీడరుకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే తండ్రి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు గానీ, సాక్షి నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ ఆ పెదాలు సరిగ్గా తోడు వెళుతున్నాయి. కోర్టులో ఆయన సాక్షుల్ని విచారించేటప్పుడు తల వంచుకుని కాగితాలు ఎందుకు చూస్తారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆ చూపుతో అక్షరాలు కూడబలుక్కోవడమే గొప్ప. వంచుకునేది పెదాలు కనిపించకుండా.

"భేష్," అన్నారు కళ్ళు తెరిచి. "ఇంక వెళ్ళు."

"వెళతానండి. ఒక్క అనుమానమండి. జడ్జిగారు మా ఆవిడ పేరడిగితే కూడా ముందు ఇంకోళ్ళ పేరు చెప్పి సర్దుకోవాలాండి?"

"అదొక్కటీ మొదటిసారే సరిగ్గా చెప్పు. అక్కడ తడబడితే నేను కూడా కాపాడలేను."

సైకిలు షాపాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పెద్ద ప్లీడరు గారు లేచి, తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టకుండా వచ్చి కూర్చున్నారు.

"ఇంక నువ్వు కూర్చో, తల్లీ."

"నేనా? నాకెందుకు నాన్నగారూ? నేను చూసింది నేను చెప్పడానికి ఈ కుర్చీ కావాలా?"

"వకీలు సాక్షి అయితే వైద్యుడికి జ్వరం వచ్చినట్టే. ఏ సాక్షీ చెయ్యని తప్పులు చేస్తాడు. ఒక్కసారి చెప్పు, వింటాను. అంతే."

కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో కలిపి పెట్టుకుంది. ఇందులో భయపడటానికేముందని తనను తనే అడిగింది. ఆ సాక్ష్యం ఆమెకు కొత్తదా? ఆనాడు జడ్జిగారు బోను దగ్గరికి వంగి "బంగారు తల్లివమ్మా" అన్నారు. ఇంటికెవరొచ్చినా, ఏ పేరంటానికి వెళ్ళినా, "ఏదీ అమ్మడూ, కోర్టులో ఏం చెప్పావో చెప్పు," అని అడిగేవాళ్ళు. పిల్ల చేతులు కట్టుకుని చెప్పేది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తను ప్లీడరు కావాలనుకున్నది కూడా ఆ మెప్పుతోనే. ఊరంతా కథలాగా చెప్పుకున్న ఆ మాటలు ఎప్పుడు తలచుకున్నా ఆమె నాలుక మీద సిద్ధంగానే ఉంటాయి.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"నేను మేడమెట్ల కింద ఆడుకుంటున్నాను. నా దగ్గర బొమ్మ ఉంది. బొమ్మకి జడ వేస్తున్నాను. పైన ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. తరవాత దబ్బుమని చప్పుడైంది. బాబాయి కింద పడ్డాడు. నేను భయపడి బయటికి రాలేదు. అప్పుడు మెట్ల మీద నుంచి ఒకాయన దిగొచ్చాడు. తెల్ల బూట్లు వేసుకున్నాడు. మెడలో నల్ల తాడు... కాదు కాదు, ఎర్ర తాడు. ఎర్ర తాడుకి విజిలుంది. విజిలు చొక్కా గుండీలకి తగిలి..."

ఆగిపోయింది.

ఎందుకాగిందో మొదట ఆమెకే తెలియలేదు. మెట్టు ఉందనుకుని వేసిన కాలికి మెట్టు తగలనట్టయింది. మంగళవారం, కాదు కాదు, బుధవారం. నల్ల తాడు, కాదు కాదు, ఎర్ర తాడు. ఇన్నేళ్ళలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో, అన్నిసార్లూ అక్కడే తడబడింది. ఎర్ర తాడని మొదటే చెప్పిన రోజు ఒక్కటీ లేదు. నిజంగా తడబడిన మనిషి మర్నాటికి సర్దుకుంటుంది. పేరంటంలో తడబడి, పెళ్ళిలో తడబడి, లా చదివి కూడా ఇంకా అదే తాడు దగ్గర ఎవరు తడబడతారు?

మెల్లగా కళ్ళు తెరిచింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. పెదాలు మూతపడి ఉన్నాయి, ఆమె కోసం ఆగినట్టుగా.

"ఆగావేం?" అన్నారు కళ్ళు తెరవకుండానే. "బాగా చెబుతున్నావు. 'గుండీలకి తగిలి చప్పుడవుతోంది' అను."

"మొదటి నుంచి మళ్ళీ చెబుతాను, నాన్నగారూ."

"చెప్పు."

ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. రెప్ప వెయ్యకుండా తండ్రి మొహం చూస్తూ చెప్పింది. మెట్ల కింద ఆడుకుంటున్నాను. ఆయన పెదాలు కదిలాయి. బొమ్మకి జడ వేస్తున్నాను. కదిలాయి. దబ్బుమని చప్పుడైంది, బాబాయి కింద పడ్డాడు, ఒకాయన దిగొచ్చాడు, తెల్ల బూట్లు వేసుకున్నాడు. అక్కడ ఆమె నోరు మూసేసింది.

ఆయన ఆగలేదు. ఆమె గొంతు ఆగిపోయిన సంగతి తెలియక ఆ పెదాలు వాటంతట అవే ముందుకు పోయాయి. నల్ల తాడు అన్నాయి. తల అడ్డంగా కొంచెం ఊగింది, చిన్నపిల్లలు కాదు కాదు అనేటప్పుడు ఊపినట్టు. ఎర్ర తాడు అన్నాయి. విజిలు అన్నాయి. ఆ తరవాత నిశ్శబ్దం ఆయన చెవికి తగిలింది.

కళ్ళు తెరిచారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అరుగు మీద మనిషిని చూసి చిన్న ప్లీడరు ఇన్ని రోజులు భయపడింది, గేటుకు గడియ పెట్టుకుంది. ఆ గడియతో పని లేదని ఇప్పుడు తెలిసింది. భయపడాల్సింది లోపలే ఉంది. చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని కోర్టు చూపించిన మనిషే, అడుగు దూరంలో కూర్చుని ఉన్నాడు.

"ఈ దిష్టిచుక్క ఎవరు పెట్టారు, నాన్నగారూ?"

"ఏమిటా మాటలు?"

"నా సాక్ష్యానికి. నల్ల తాడు ఎవరిది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోర్టులో ఇబ్బందైన ప్రశ్న వస్తే ఆయన చేసే పని అదే. ఆ సంగతి ఆమెకూ తెలుసని ఆయనకు తెలుసు. అయినా తుడిచారు.

"చిన్నపిల్లవి. బెదిరిపోయి ఉన్నావు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేదానివి. నువ్వు చూసింది పద్ధతిగా చెప్పడానికి సాయం చేశాను. ఏ తండ్రయినా చేస్తాడు."

"నేను డ్రిల్లు మాస్టార్ని చూశానా?"

"రికార్డులో ఉంది."

"రికార్డు సంగతి కాదు. నేను చూశానా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశారు. కోర్టులో అయితే ఆమె జడ్జివైపు తిరిగి, సాక్షి జవాబు చెప్పడం లేదని మనవి చేసుకునేది. ఇక్కడ తిరగడానికి ఎవరున్నారు? అరుగు మీద నిటారుగా కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. గుండె దగ్గర తడుముకుని, ఏమీ దొరక్క ఒళ్ళో పడిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ మనిషి జీవితమంతా తన నోట్లోంచి పోయింది. ఏడిస్తే ఇంకేమీ అడగలేనని ఏడవలేదు.

కళ్ళు మూసుకుంది. ఈసారి చెప్పడానికి కాదు, చూడటానికి. మాటల్ని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. ఎర్ర తాడు తీసేసింది. వెనక ఏమీ లేదు. తెల్ల బూట్లు తీసేసింది. వాటిలో కాళ్ళు లేవు. డ్రిల్లు మాస్టారి మొహం తలచుకుంది. బడి మైదానంలో విజిలు వేస్తున్న మొహమే వచ్చింది గానీ, మెట్ల మీద మొహం రాలేదు. మెట్ల కింద కూర్చున్న పిల్లకు మొహం ఎలా కనిపిస్తుంది? చెక్కమెట్లు. వాటి మధ్య సందులు. ఎవరో దిగుతుంటే సందుల్లోంచి దుమ్ము రాలింది. బొమ్మ జుట్టు మీద పడింది. ఆ దుమ్ము ఏనాడూ ఆమె సాక్ష్యంలో లేదు. ఎవరూ నేర్పలేదు గనక అది నిజంగా తనదేనని ఆమెకు అనిపించింది.

ఇంకొకటి కూడా ఉంది.

"చప్పుడైంది," అంది కళ్ళు మూసుకునే.

"ఆఁ, విజిలు. గుండీలకి తగిలి."

"కాదు. ఒక్క వస్తువు చప్పుడు కాదది. చాలా ఉన్నాయి. చిన్న చిన్న ఇనప వస్తువులు, అన్నీ కలిసి. కాలు మెట్టు మీద పడినప్పుడల్లా ఒకసారి. చివరి మెట్టు మీద ఆగిపోయింది. ఆగి, నేనున్నానేమోనని..."

"అక్కడితో ఆపు."

ఆ గొంతు విని ఆమె కళ్ళు తెరిచింది. జడ్జిల ముందు తప్ప ఎవరి ముందూ వంగని మనిషి రెండు చేతులూ జోడించి ఉన్నారు. "ఆపు తల్లీ. నీకు దణ్ణం పెడతాను. ఇంతటితో వదిలెయ్యి."

"ఎవరిని కాపాడారు, నాన్నగారూ? మిమ్మల్నా?"

"నన్నా?" ఆయనకు నవ్వొచ్చింది. అదేం నవ్వో గానీ మొహం నిండా చెమట పట్టింది. "ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. పై కోర్టులో ఉన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి వాడు నేల మీద ఉన్నాడు, నువ్వు వీధిలో ఉన్నావు. కాలు జారి పడ్డాడంటే సరిపోయేది. ఊరు నమ్మేది. కానీ నువ్వు అప్పటికే ఏడుస్తూ ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పేశావు. ఎవరో మెట్లు దిగారు, చప్పుడైంది అని. పిల్ల నోట్లోంచి వచ్చిన మాట, దాన్ని వెనక్కి ఎలా తియ్యను? దిగారన్నాక, దిగినవాళ్ళకు ఒక మొహం ఉండాలి కదా. చప్పుడైందన్నాక, చప్పుడు చేసే వస్తువొకటి కావాలి కదా. ముందు రోజే బడి మైదానం గురించి ఆ మాస్టారూ మీ బాబాయీ నలుగురిలో గొడవపడ్డారు. ఆయన మెడలో విజిలుంది."

ఎంత మామూలుగా చెప్పాడు! పెళ్ళికి వంటవాణ్ణి కుదిర్చిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. అయినా ఆయన కళ్ళల్లో భయం ఉంది, పాపభయం కాదు. అది ఇప్పటి భయం, ఈ నిమిషం భయం. ఆయన కూతుర్ని చూడటం లేదు. దగ్గరికి వేసిన తలుపును చూస్తున్నారు.

"మిగతావాళ్ళకు ఎవరో అన్నావు," అన్నారు గొంతు తగ్గించి. "నాకు మాత్రం నా చెవిలో చెప్పావు. నన్ను కావలించుకుని, ఒకే ఒక్క మాట. ఆ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీ చేత కూడా మరిపించాను. రోజూ నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, విజిలు, విజిలు అని చెప్పించి చెప్పించి మరిపించాను. ఎన్ని కేసులు గెలిచానో గానీ తల్లీ, అంత కష్టపడింది అదొక్కదానికే."

"ఏం మాట చెప్పాను?"

ఆయన పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

"గట్టిగా చెప్పండి."

ఆయన మళ్ళీ తలుపు వైపు చూశారు. అప్పుడు చిన్న ప్లీడరుకు ఒక సంగతి తట్టింది. ఈ గది తలుపు వేసుకున్నప్పటి నుంచీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం వేళ ఈ ఇల్లు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. వంటగదిలో, వసారాలో, మేడ మీద, ఎక్కడో ఒకచోట ఆ గలగల తిరుగుతూనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. రోజూ వినేది చెవికి చప్పుడనిపించదు. అది లేకపోతేనే తెలుస్తుంది.

తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మంలో ఉంది. ఒక చేతిలో మంచినీళ్ళ గ్లాసు, రెండో చెయ్యి నడుము దగ్గర. ఆ చేతి పిడికిట్లో తాళంచెవుల గుత్తి బిగించి ఉంది. అలా పట్టుకుని ఎంతసేపటి నుంచి తలుపవతల నిలబడిందో ఆవిడకే తెలియాలి.

"ఎంతసేపని చెబుతుంది పిల్ల, గొంతెండిపోదూ?" అంది. నడిచి వచ్చింది. గ్లాసు తెచ్చి కూతురి పక్కన బల్ల మీద పెట్టింది. నీళ్ళు తొణకలేదు. ఒక్క తాళం కూడా మోగలేదు. ఇంత బరువు గుత్తితో ఇంత నిశ్శబ్దంగా అమ్మ నడవగలదని ఆమెకు ఈ రోజు దాకా తెలియదు.

"ఏమండీ, ఇంక దానికేమీ నేర్పకండి," అంది భర్తతో, మొహం ఆయన వైపు తిప్పకుండానే. "రేపు కోర్టులో ఏం చెప్పాలో నా కూతురికి నేను చెప్పుకుంటాను."

పెద్ద ప్లీడరు గారు తల వంచుకున్నారు.

అమ్మ కూతురి నెత్తి మీద చెయ్యి వేసి నిమిరింది. చిన్నప్పుడు జ్వరం వస్తే నిమిరినట్టే నిమిరింది. తరవాత రెండో చేతి పిడికిలి విప్పింది.

గుత్తి జారి నడుము మీద పడి ఒక్కసారిగా గలగలలాడింది. చేతుల్లేని కుర్చీలో చిన్న ప్లీడరు కాళ్ళు పైకి ముడుచుకుపోయాయి. ఒళ్ళో లేని బొమ్మను ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాయి.